పాత కారు ఆటోమేటిక్ గేర్‌బాక్సు: ఇంటి వద్దనే పునరుద్ధరణ

రహదారి పక్కన గోనెపట్టా పరచి, లారీ గేర్‌బాక్సును విప్పి, అరిగిన పళ్లచక్రాన్ని మార్చి, సాయంత్రానికల్లా బండిని దారికి ఎక్కించే మెకానిక్కులు సరిహద్దు జిల్లాల పాఠకులకు కొత్తవారు కారు. అయితే అంతటి నేర్పు గల చేయి కూడా ఆటోమేటిక్ గేర్‌బాక్సు దగ్గరకు వచ్చేసరికి సంకోచిస్తుంది. దీనికి కారణం చేతకానితనం కాదు. సాధారణ గేర్‌బాక్సులో డ్రైవరు చేతితో, కాలితో చేసే పనిని ఆటోమేటిక్ గేర్‌బాక్సులో నూనె చేస్తుంది. నూనె ఎక్కడ నుండి ఎక్కడికి పోతున్నదో పైకి కనబడదు. కనబడని దానిని విప్పడానికి ఎవరికైనా భయమే.

ఈ భయాన్ని దాటి, 1970ల నాటి కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులను సొంత గ్యారేజీలోనే విప్పి బిగించుకునేవారు అమెరికాలో నేటికీ ఉన్నారు. అక్కడ తండ్రి నడిపిన కారును కుమారుడు దాచుకోవడం ఒక ఆచారం. గేర్‌బాక్సు చెడినప్పుడు బయట మరమ్మతుకు అయ్యే ఖర్చు కొన్నిసార్లు ఆ పాత కారు విలువనే మించిపోతుంది. అప్పుడు యజమాని ముందు మిగిలేవి రెండే మార్గాలు: కారును తుక్కుకు పంపడం, లేదా పానా చేతబట్టడం. రెండవ మార్గం ఎంచుకున్నవారు ఏమి తెలుసుకోవాలి, ఎక్కడ పొరబడతారు అన్నదే ఈ వ్యాస విషయం.

మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో బాగా ప్రచారంలోకి వచ్చిన ఏఎంటీ వేరు, ఇది వేరు అని ముందుగా గుర్తించాలి. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే. క్లచ్చిని తొక్కే పనిని, గేరు మార్చే పనిని మాత్రం అక్కడ యంత్రం చేస్తుంది. ఇక్కడ చెప్పుకొనే గేర్‌బాక్సు నిర్మాణమే భిన్నమైనది.

పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సును పెద్ద సంఖ్యలో తయారుచేసి మొట్టమొదట అమ్మినది జనరల్ మోటార్స్ సంస్థ. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చిన దాని పేరు హైడ్రామాటిక్. రెండవ ప్రపంచ యుద్ధంలో ఎం5 స్టూవర్ట్ ట్యాంకులకు కూడా దీనినే అమర్చారు. కార్ల కోసం పుట్టిన యంత్రం యుద్ధంలో నలిగి, దృఢత్వం నిరూపించుకొని, మళ్లీ కార్లలోకే వచ్చింది. ఆ వంశంలోనిదే 1969లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350. షెవ్రొలే కమారో, నోవా, షెవెల్ మొదలుకొని పికప్ ట్రక్కుల వరకు 1980ల నడుమ దాకా లక్షలాది బళ్లలో ఇది పనిచేసింది. మూడు ముందు గేర్లు, ఒక వెనుక గేరు. కంప్యూటరు లేదు, విద్యుత్తుతో తెరుచుకొనే కవాటాలు లేవు. అన్నీ నూనె ఒత్తిడితోనూ, స్ప్రింగులతోనూ నడుస్తాయి. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఇంటి వద్ద తొలిసారి ప్రయత్నించేవారికి ఇంతకంటె అనువైనది అరుదు. నేటి ఎనిమిది, పది గేర్ల కంప్యూటరు పెట్టెలతో ఈ సాహసం చేయమని ఎవరికీ సలహా ఇవ్వలేము.

నూనె చేసే పని

ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ మామూలు క్లచ్చికి బదులు టార్క్ కన్వర్టర్ అనే గుండ్రని ఉక్కు గుల్ల ఉంటుంది. రెండు టేబులు ఫ్యానులను ఎదురెదురుగా పెట్టి ఒకదానిని తిప్పితే, ఆ గాలికి రెండవది కూడా తిరగడం బడిపిల్లలు చూసే ప్రయోగమే. కన్వర్టర్‌లో గాలికి బదులు నూనె. ఇంజను వైపు రెక్కలు నూనెను విసురుతాయి, గేర్‌బాక్సు వైపు రెక్కలు ఆ తాకిడికి తిరుగుతాయి. నడుమ స్టేటర్ అనే మూడవ రెక్కల చక్రం, తిరిగి వచ్చే నూనెను సరైన దిశకు మళ్లించి, కారు నిలుపు నుండి కదిలే వేళ బలాన్ని సుమారు రెండింతలు చేస్తుంది. బ్రేకు తొక్కి నిలిపినప్పుడు ఇంజను ఆగిపోకుండా ఉండడం కూడా ఈ నూనె బంధం వలననే.

దాని వెనుక గేర్లు. ఇవి సాధారణ గేర్‌బాక్సులో వలె పక్కపక్కన జరిగే చక్రాలు కావు. మధ్యలో సన్ గేర్, అనగా సూర్యచక్రం. దాని చుట్టూ తిరిగే చిన్న గ్రహచక్రాలు. వాటిని చుట్టి లోపలివైపు పళ్లు గల వలయం. గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్లు గ్రహచక్రాలు సూర్యచక్రం చుట్టూ తిరుగుతాయి. ఈ మూడింటిలో ఒకదానిని కదలకుండా పట్టి, ఒకదానిని తిప్పితే, మూడవది వేరొక వేగంతోనో, వెనుకకో తిరుగుతుంది. ఇలాంటి రెండు జతలకు ఒకే సూర్యచక్రాన్ని ఉమ్మడిగా ఉంచే అమరికను ఫోర్డు సంస్థలో పనిచేసిన హోవర్డ్ సింప్సన్ అనే ఇంజనీరు రూపొందించారు. క్రైస్లర్, ఫోర్డు, జనరల్ మోటార్స్ మూడూ ఆ అమరికను వాడుకున్నాయి. 350లో ఉన్నదీ అదే.

ఏ చక్రాన్ని పట్టాలి, దేనిని తిప్పాలి అన్నది నాలుగు క్లచ్చిలు నిర్ణయిస్తాయి. ఒక్కొక్క క్లచ్చిలో కాగితం వంటి రాపిడి పొర అంటించిన పళ్లేలు, వాటి నడుమ నున్నని ఉక్కు పళ్లేలు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. వెనుక నుండి నూనె పిస్టన్‌ను నెడితే పళ్లేలన్నీ ఒత్తుకొని ఒకటిగా తిరుగుతాయి. నూనె తగ్గితే స్ప్రింగులు పిస్టన్‌ను వెనుకకు లాగుతాయి. వీటికి తోడు రెండు రోలర్ క్లచ్చిలు. ఇవి సైకిలు వెనుక చక్రపు ఫ్రీవీలు వంటివి, ఒకవైపు పట్టి మరొకవైపు వదులుతాయి. ఇక సూర్యచక్రానికి అనుసంధానమైన డ్రమ్మును చుట్టి పట్టే బ్యాండు ఒకటి.

ఇప్పుడు చెప్పబోయే వరుసను మరమ్మతు చేయదలచినవారు కంఠస్థం చేయడం మంచిది. మొదటి గేరులో ఫార్వర్డ్ క్లచ్చి, దానితో పాటు వెనుక ఉన్న లో రోలర్ క్లచ్చి పనిచేస్తాయి. రెండవ గేరుకు ఫార్వర్డ్ క్లచ్చి అలాగే ఉండి, ఇంటర్మీడియట్ క్లచ్చి తన రోలర్ ద్వారా సూర్యచక్రాన్ని ఆపుతుంది. మూడవ గేరుకు డైరెక్ట్ క్లచ్చి కూడా పట్టడంతో చక్రాలన్నీ ఒకే ముద్దగా, ఇంజను వేగంతోనే తిరుగుతాయి. వెనుకకు పోవడానికి ఫార్వర్డ్ క్లచ్చి వదిలి, డైరెక్ట్ క్లచ్చీ లో-రివర్స్ క్లచ్చీ పడతాయి. డ్రైవరు గేరు కడ్డీని 1 వద్ద ఉంచినప్పుడు లో-రివర్స్ క్లచ్చి కూడా కలిసి వచ్చి, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇంజను బండిని పట్టి ఉంచుతుంది. 2 వద్ద ఉంచినప్పుడు ఆ పని బ్యాండుది. గేర్లలో వేగాల నిష్పత్తులు 2.52, 1.52, 1.

విప్పక ముందే తెలుసుకోవలసినది

పై వరుస తెలిసినవారికి రోగ నిర్ణయం ఒక లెక్క వంటిది. ముందుకు ఏ గేరులోనూ కదలక, వెనుకకు మాత్రం చక్కగా పోతున్నదా? ముందు గేర్లన్నింటికీ ఉమ్మడిగా ఉన్నది ఫార్వర్డ్ క్లచ్చి ఒక్కటే. మొదటి రెండు గేర్లు బాగున్నాయి, మూడవదీ రివర్సూ రెండూ జారుతున్నవా? ఆ రెంటికీ ఉమ్మడి డైరెక్ట్ క్లచ్చి. మూడవది బాగుండి రివర్సు ఒక్కటే లేదంటే అనుమానం లో-రివర్స్ క్లచ్చి మీదికి పోవాలి. డ్రైవ్‌లో మొదటి గేరు జారి, కడ్డీని 1 వద్ద పెట్టగానే పట్టుకుంటే దోషం లో రోలర్‌ది. రెండవ గేరు మాత్రమే మాయమైతే ఇంటర్మీడియట్ క్లచ్చిని గాని దాని రోలర్‌ను గాని చూడాలి. అధిక శక్తి గల ఇంజనులకు తగిలించినప్పుడు ఆ రోలర్ ఈ గేర్‌బాక్సుకు పేరుమోసిన బలహీన స్థానం. ఏ గేరులోనూ కదలిక లేకుంటే నూనె మట్టం, ఫిల్టరు, పంపు వరుసగా చూడాలి.

ఈ లెక్క వేసుకోకుండా విప్పినవారికి బల్ల నిండా విడిభాగాలు ఉంటాయి గాని, వాటిలో దోషి ఎవరో తెలియదు.

అంతకంటె ముఖ్యం, అసలు విప్పవలసిన అవసరం ఉన్నదా అన్న ప్రశ్న. గేర్‌బాక్సు బయటివైపు వాక్యూమ్ మోడ్యులేటర్ అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. ఇంజను పీల్చే శక్తిని బట్టి ఇంజను మీది బరువును గ్రహించి, దానికి తగినట్లు నూనె ఒత్తిడిని మార్చడం దీని పని. దీనికి వచ్చే రబ్బరు గొట్టం పగిలితే, ఇంజను మీద ఎప్పుడూ పూర్తి బరువు ఉన్నదన్న భ్రమ కలిగి గేర్లు ఆలస్యంగానూ, దెబ్బ కొట్టినట్లుగానూ మారతాయి. లోపలి పొర చిరిగితే ఇంజను ఆ గొట్టం ద్వారా గేర్‌బాక్సు నూనెను తాగి తెల్లని పొగ వదులుతుంది. యజమాని ఇంజను పోయిందని బెంగపడతాడు. గొట్టం ఊడదీసి చూస్తే లోపల ఎర్రని నూనె కనబడుతుంది. మార్చవలసినది ఆ డబ్బా ఒక్కటే, అదీ అరగంట పని. అలాగే కారు మొదటి గేరు వదిలి పైకి మారకపోతే, వెనుక పక్కన ఉండే గవర్నరు అనే వేగ సూచికను బయటకు తీసి దాని నైలాను పళ్లను చూడాలి. పళ్లు అరిగి ఉంటే మిగతా పెట్టెను ముట్టనవసరం లేదు.

యాక్సిలరేటరు నుండి వచ్చే తీగ గురించి ఒక మాట. 350లో ఈ తీగ పని, ఎదుటి బండిని దాటేటప్పుడు గట్టిగా తొక్కితే కింది గేరుకు దించడం వరకే. దీని తరువాత 1982లో వచ్చిన 700ఆర్4 లో ఇటువంటి తీగే నూనె ఒత్తిడిని కూడా శాసిస్తుంది, అది వదులైతే కొత్త క్లచ్చిలు సైతం కొద్దిరోజులలో కాలిపోతాయి. ఒకదాని నియమాన్ని మరొకదానికి వర్తింపజేసి చెడినవారు ఉన్నారు.

చివరగా నూనెనే చదవాలి. మంచి నూనె ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే క్లచ్చి పొరలు కాలాయని అర్థం. కింది పాన్‌ను పదమూడు బోల్టులు పట్టి ఉంచుతాయి. చతురస్రంలో ఒక మూల కోసినట్లుండే ఆ పాన్ ఆకారమే 350ని గుర్తించడానికి ఆనవాలు. అడుగున సన్నని బూడిదరంగు పేస్టు కాస్త ఉండటం సహజం. నల్లని పొలుకులు రాపిడి పొరవి. పసుపు రజను బుష్‌లదీ వాషర్లదీ. ఉక్కు ముక్కలు కనబడితే ఇక సందేహించకుండా దించవలసిందే.

దించుట, విప్పుట

ఈ గేర్‌బాక్సు బరువు సుమారు 55 కిలోలు, కన్వర్టర్ బరువు అదనం. దాని కింద పడుకొని పనిచేసేది మనిషి. కారును జాకీల మీద వదలరాదు, ఇటుకల మీదా సిమెంటు దిమ్మెల మీదా అసలే నిలుపరాదు. నాలుగు ఉక్కు స్టాండ్ల మీద నిలిపి, చేతితో గట్టిగా ఊపి చూసిన తరువాతే కిందికి దూరాలి. గేర్‌బాక్సును దించే ప్రత్యేక జాకీని అద్దెకు తెచ్చుకోవడం మేలు. అమెరికా గ్యారేజీలలో చాలాచోట్ల గ్యాసుతో మండే వేడినీటి బాయిలరు ఒక మూల ఉంటుంది. భాగాలను కడిగే ద్రావకాల ఆవిరి ఆ చిన్న మంటకు అంటుకోగలదు. కడిగే పని ఆరుబయట చేసుకోవాలి.

బ్యాటరీ తీగ ఊడదీయడం, ప్రొపెల్లరు షాఫ్టు దించడం, కూలరు గొట్టాలు, స్పీడోమీటరు తీగ, గేరు లింకు విప్పడం తెలిసిన పనులే. కన్వర్టర్‌ను ఇంజను పళ్లేనికి బిగించిన మూడు బోల్టులను ముందుగా తీసి, కన్వర్టర్ గేర్‌బాక్సుతోనే కలిసి వచ్చేలా చూడాలి. అది జారి పాదం మీద పడకుండా ఒక తాడు కట్టడం మరువరాదు.

విప్పేటప్పుడు తొందర పనికిరాదు. పొడవాటి బల్ల మీద తెల్లకాగితం పరచి, తీసిన ప్రతి వస్తువును తీసిన వరుసలో, తీసిన ముఖం పైకి ఉండేలా పేర్చాలి. ప్రతి దశను ఫోటో తీసుకోవాలి. పాన్ వెనుక ఫిల్టరు, దాని వెనుక వాల్వ్ బాడీ వస్తాయి. వాల్వ్ బాడీ అంటే సన్నని నూనె దారుల చిక్కుముడి, గేర్‌బాక్సు మెదడు. దీనిని దించేటప్పుడు పైనున్న దారులలో నుండి నాలుగు చిన్న ఉక్కు గోళీలు రాలతాయి. ఏ గోళీ ఏ గుంటలో ఉండేదో గుర్తించకపోతే తరువాత ఎంత బాగా బిగించినా గేర్లు వింతగా మారతాయి. గోళీ ఒకటి నేల మీద దొర్లి పోయిన గ్యారేజీలో ఆ సాయంత్రం మరే పనీ జరగదు.

ఆపై పెట్టెను నిలువుగా నిలిపి ముందరి పంపును లాగాలి. ఎనిమిది బోల్టులు తీసినా అది రాదు. స్క్రూడ్రైవరుతో పెకలిస్తే మెత్తని అల్యూమినియం చెడుతుంది. పంపు రంధ్రాలలో రెండింటికి మరలు చెక్కి ఉంటాయి. వాటిలో జారుడు సుత్తులు బిగించి రెండు వైపులా సమంగా లాగితే బయటకు వస్తుంది. ఇక ఇంటర్మీడియట్ పళ్లేలు, బ్యాండు, డైరెక్ట్ డ్రమ్ము, ఫార్వర్డ్ డ్రమ్ము, గేర్ల సమూహం ఒకదాని వెనుక ఒకటి బావిలో నుండి తోడినట్లు పైకి వస్తాయి. నడుమ వచ్చే పలుచని థ్రస్ట్ వాషర్లు నూనెకు పక్క భాగానికి అంటుకొని కనబడకుండా పోతాయి, వాటి లెక్క జాగ్రత్త.

ఇక్కడే అసలు మెలకువ అవసరం. కాలిన క్లచ్చి పళ్లేలు కనబడగానే, దోషం దొరికింది కదా అని కొత్తవి వేసి మూసేవారే ఎక్కువ. కాలిన పళ్లెం ఫలితం మాత్రమే. పళ్లెం కాలడానికి జారడం కారణం. జారడానికి తగినంత ఒత్తిడి అందకపోవడం కారణం. ఒత్తిడి ఎందుకు అందలేదు? ముప్పై, నలభై ఏళ్ల వేడికి పిస్టన్ రబ్బరు సీళ్లు ప్లాస్టిక్కు వలె గట్టిపడి ఉండవచ్చు. వేలితో వంచితే పుటుక్కున విరుగుతాయి. ఈ తరం గేర్‌బాక్సులలో సర్వసాధారణమైన కారణం ఇదే. పంపు మెడ మీది సీలింగ్ రింగు విరిగి, డైరెక్ట్ క్లచ్చికి పోవలసిన నూనె దారిలోనే కారిపోయి ఉండవచ్చు. బుష్ అరిగి డ్రమ్ము ఊగి ఉండవచ్చు, పిస్టన్ బీట వారి ఉండవచ్చు, లేదా రేడియేటరులోని కూలరు పూడి నూనె మరిగి ఉండవచ్చు. కారణం చేతికి చిక్కే వరకు కొత్త పళ్లేల పొట్లం విప్పరాదు. అలా విప్పినవారు ఆరునెలలలో మళ్లీ అదే బల్ల ముందు నిలబడతారు, ఈసారి వాసన కూడా పరిచితమైనదే.

కొలత, శుభ్రత

మళ్లీ బిగించే పనిలో బలం కంటె శుభ్రత ప్రధానం. పెట్టెను ద్రావకంతో కడిగి, నూనె దారులన్నింటిలో గాలి ఊది ఆరబెట్టాలి. తుడవడానికి నూలు గుడ్డలు వాడరాదు. దారపు పోగు ఒక్కటి వాల్వును పట్టివేయగలదు. నూలు రాలని కాగితపు తువ్వాళ్లు వాడాలి, లేదా గాలికి ఆరనివ్వాలి. వాల్వ్ బాడీలోని ప్రతి వాల్వు తన బరువుకే గూటిలో జారాలి. జారకపోతే ఉప్పుకాగితంతో రుద్దడం కాదు, దాని మీది మురికి కరిగించాలి.

కొత్త రాపిడి పళ్లేలను బిగించే ముందు కనీసం గంటసేపు గేర్‌బాక్సు నూనెలోనే నానబెట్టాలి. పొడి పళ్లేలు తొలి నిమిషంలోనే మాడతాయి. పిస్టన్లను తీయడానికి గట్టి స్ప్రింగులను నొక్కిపట్టే సాధనం కావాలి. స్నాప్ రింగు జారి ఎగిరితే కంటికి ప్రమాదం కనుక అద్దాలు తప్పనిసరి. కొత్త సీళ్ల పెదవి నూనె వచ్చే వైపునకే తిరిగి ఉండాలి. పిస్టన్‌ను గూటిలోకి దించేటప్పుడు ఆ పెదవి మడత పడిపోవడమే తొలి ప్రయత్నంలో ఎక్కువగా జరిగే పొరపాటు. సన్నని ఫీలరు బిళ్లతో అంచును లోపలికి నెడుతూ, పిస్టన్‌ను మెల్లగా తిప్పుతూ దించాలి, సుత్తితో కొట్టరాదు. జారుడుకు వ్యాసలీన్ వాడవచ్చు, అది వేడికి కరిగి నూనెలో కలిసిపోతుంది. చక్రాల బేరింగులకు రాసే గ్రీసు కలవదు. ముద్దలుగా పోయి ఫిల్టరులో కూర్చుంటుంది. చవకగా దొరికింది కదా అని దానిని రాసి కొత్త గేర్‌బాక్సు గొంతు నొక్కినవారు తక్కువేమీ కాదు.

పళ్లేలు పేర్చిన తరువాత పై స్నాప్ రింగుకూ చివరి ఒత్తుడు పళ్లేనికీ నడుమ ఖాళీని ఫీలరు గేజీతో కొలవాలి. ఒక్కొక్క రాపిడి పళ్లేనికి ఒక అంగుళంలో వందవ వంతు, అనగా పావు మిల్లీమీటరు చొప్పున ఖాళీ ఉండటం అనుభవజ్ఞులు పాటించే లెక్క. ఖాళీ చాలకపోతే క్లచ్చి వదిలినా ఈడ్చుకుంటూ కాలుతుంది, ఎక్కువైతే పట్టడం ఆలస్యమవుతుంది. తేడా ఉంటే మరొక మందపు ఉక్కు పళ్లెంతో సరిచేయాలి. ప్రతి కారుకూ పళ్లేల సంఖ్య ఒకటి కాదు. ఇంజను పరిమాణాన్ని బట్టి మారుతుంది కనుక తీసిన సంఖ్యను రాసుకోవడం అవసరం.

రోలర్ క్లచ్చిలను అమర్చిన వెంటనే చేతితో తిప్పి చూడాలి. ఒకవైపు తిరిగి, మరొకవైపు బిగుసుకోవాలి. తిరగేసి అమర్చితే ఆ గేరు ఉండదు. ఫార్వర్డ్ డ్రమ్మును దించేటప్పుడు దాని పళ్లేల పళ్లన్నీ లోపలి చక్రంతో ఒకేసారి కలవవు. డ్రమ్మును అటూ ఇటూ తిప్పుతుంటే ఒక్కొక్క పళ్లెం ఒక్కొక్క చిన్న 'టక్' చప్పుడుతో కూర్చుంటుంది. పళ్లేల సంఖ్య ఎంతో చప్పుళ్లూ అన్నే వినబడాలి. చివరి పళ్లెం కలవకముందే పంపును బోల్టులతో లాగి కూర్చోబెడితే లోపల ఏదో ఒకటి వంగుతుంది.

పంపు బిగించాక ఇన్‌పుట్ షాఫ్టును ముందుకూ వెనుకకూ కదిపి ఎంత ఆడుతున్నదో డయలు గేజీతో చూడాలి. వేర్వేరు మందాలలో దొరికే థ్రస్ట్ వాషరుతో దానిని సరిదిద్దుకోవచ్చు. వాల్వ్ బాడీ బిగించక ముందే, ఒక్కొక్క క్లచ్చికి పోయే నూనె రంధ్రంలో ముప్పై, నలభై పీఎస్ఐ గాలిని పంపితే పిస్టన్ 'దబ్'మని పట్టిన శబ్దం రావాలి. బుసబుసమని గాలి కారితే సీలు మడత పడిందన్న మాట. అప్పుడు మళ్లీ విప్పడం బాధాకరమే, అయినా కారుకు ఎక్కించిన తరువాత దించడంతో పోలిస్తే అది సుఖం. ఈ గాలి పరీక్షను వదిలివేయడానికి ఏ సాకూ చెల్లదు.

తిరిగి ఎక్కించుట

పాత కన్వర్టర్‌ను మళ్లీ వాడరాదన్నది ఖర్చు భారమైనా పాటించవలసిన సలహా. అది అతుకు పెట్టి మూసిన గుల్ల. లోపల చేరిన కాలిన పొరలను కడగడం ఇంట్లో సాధ్యం కాదు. బాగుచేసి అమ్మే కన్వర్టర్లు దొరుకుతాయి. కూలరును, దాని గొట్టాలను ద్రావకంతో రెండు వైపుల నుండీ కడగాలి. పాత గేర్‌బాక్సు రజను కూలరులో దాగి ఉండి కొత్త దానిలోకి తిరిగి రావడం సాధారణం.

కన్వర్టర్‌లో కొంత నూనె పోసి గేర్‌బాక్సు మెడ మీదికి నెట్టేటప్పుడు అది మూడుచోట్ల కుదరాలి: ఇన్‌పుట్ షాఫ్టు మీద, స్టేటరు ఆధారం మీద, పంపు చక్రం గాట్లలో. తిప్పుతూ నెడితే అంచెలంచెలుగా లోపలికి దిగుతుంది. పెట్టెను ఇంజనుకు బోల్టులతో బిగించిన తరువాత కూడా కన్వర్టర్ చేతితో స్వేచ్ఛగా తిరుగుతూ, ఇంజను పళ్లేనికి మూడు నుండి అయిదు మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. ఆ ఖాళీ లేకుండా, బోల్టులే లాగుతాయిలే అని బిగించినవారి పంపు, ఇంజను మొదటిసారి తిరగగానే పగులుతుంది. వారాల శ్రమ ఒక్క క్షణంలో వ్యర్థమయ్యే చోటు ఇదొక్కటే.

పాన్ బోల్టులను సుమారు 12 అడుగు-పౌండ్లకు, ఎదురెదురుగా బిగించాలి. బలం ఎక్కువైతే గాస్కెట్టు పిండినట్లు బయటకు వచ్చి కారుతుంది. నూనె విషయంలో ఒక వివరణ: ఈ పెట్టెలకు చెప్పబడిన డెక్స్‌రాన్ శ్రేణిలో మూడవ రకానికి జనరల్ మోటార్స్ లైసెన్సులు ఇవ్వడం 2006 చివరితో ఆపివేసింది. దాని స్థానంలో వచ్చిన ఆరవ రకాన్ని పాత పెట్టెలలోనూ పోయవచ్చు. ఖాళీ కన్వర్టర్‌తో కలిపి మొత్తం పట్టేది సుమారు తొమ్మిదిన్నర లీటర్లు. అంతా ఒకేసారి పోయరాదు. నాలుగు లీటర్లు పోసి, ఇంజను నడిపి, కన్వర్టర్ తాగినకొద్దీ పోస్తూ పోవాలి. వెనుక చక్రాలు గాలిలో ఉండగానే, బ్రేకు మీద కాలు ఉంచి, గేరు కడ్డీని ఒక్కొక్క స్థానంలో కొద్దిసేపు నిలపాలి. నూనె మట్టాన్ని కారు సమతలం మీద ఉండి, ఇంజను నడుస్తూ, కడ్డీ పార్క్‌లో ఉండి, నూనె వెచ్చబడినప్పుడే చూడాలి. చల్లగా ఉన్నప్పుడు నిండుగా పోస్తే వేడికి పెరిగి, నురగగా మారి, గాలి గొట్టం గుండా బయటకు చిమ్ముతుంది. ఆ నురగ నూనెతో క్లచ్చిలు సరిగా పట్టవు కూడా.

మొదటి ప్రయాణం ఊరు దాటకుండా, మెల్లగా తొక్కుతూ సాగాలి. రెండవ గేరుకూ మూడవ గేరుకూ మారేటప్పుడు ఇంజను చప్పుడు ఒక్కసారిగా లేచి పడితే ఆపి ఇంటికి తేవడమే ఉత్తమం. మోడ్యులేటరు గొట్టం ఎక్కించడం మరచిపోవడం వంటి చిన్న కారణాలను ముందు చూడాలి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచిన తరువాత పాన్‌ను మరొకసారి దించి, అడుగున ఏమి చేరిందో చూసి, కొత్త ఫిల్టరు వేసి మూయాలి. తీసిన పాత నూనెను కాలువలో పారబోయక డబ్బాకెత్తి, వాడిన నూనె తీసుకొనే దుకాణంలో అప్పగించాలి.